తాళం తిప్పితే పలకని మోటార్: పాత అవుట్‌బోర్డ్‌లో కరెంట్ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినిపిస్తోందా? సరే. ముందు వరసలో ఉన్నవాళ్లు కాస్త పక్కకి జరిగితే ఈ బల్ల మీది అవుట్‌బోర్డ్, అంటే పడవ వెనక తగిలించే మోటార్, అందరికీ కనిపిస్తుంది. కవర్ ముందే తీసి పెట్టాను. దీన్ని చూసుకుంటూనే మాట్లాడుకుందాం.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీరు పడవ ఎక్కారు, తాళం తిప్పారు, టక్‌మని ఒక్క చప్పుడు వచ్చింది, అంతే, ఇంక ఏమీ లేదు. మొట్టమొదట మీకు వచ్చే ఆలోచన ఏమిటి? ఆ, వినిపించింది. "సెల్ఫ్ పోయింది." సెల్ఫ్ అంటే తాళం తిప్పగానే ఇంజిన్‌ని తిప్పే చిన్న మోటార్. చాలామంది అదే అంటారు. నేనూ అదే అన్నాను. ఆ మాట నాకు ఎంత ఖరీదైందో చెబుతాను వినండి.

చాలా ఏళ్ల కిందటి సంగతి. సాయంత్రం పూట నీళ్ల మీద ఉన్నాం. నాతో మా తమ్ముడు, వాడి ఎనిమిదేళ్ల కొడుకు. గాలి లేస్తోందని లంగరు తీసేశాం. తాళం తిప్పాను. టక్. మళ్లీ తిప్పాను. టక్. లంగరు పైన ఉంది, గాలి మమ్మల్ని రాళ్ల వైపు తోస్తోంది. తమ్ముడు మళ్లీ లంగరు వేస్తే అది ఎక్కడా పట్టుకోలేదు. నేను కవర్ ఊడదీసి, ఇంజిన్ పైనుండే బరువు చక్రానికి, అదే ఫ్లైవీల్‌కి, తాడు చుట్టి లాగాను. నాలుగోసారికి మోటార్ పలికింది. ఆ పిల్లవాడి ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. అందుకే ఈ విషయం నాకు చిన్న రిపేరు విషయంలా అనిపించదు. నీళ్ల మీద మోటార్ పలకకపోతే రోడ్డు మీద బండి ఆగినట్టు కాదు, పక్కకి తోసి నిలబెట్టుకోవడానికి అక్కడ పక్క ఉండదు.

ఇంటికి వచ్చాక ఏం చేశాను? కొత్త సెల్ఫ్ మోటార్ వేశాను. పని చేసింది. ఓ వారం బాగానే ఉంది. మళ్లీ టక్. సరే, సోలెనాయిడ్ అనుకున్నాను, తాళం తిప్పితే బ్యాటరీ కరెంట్‌ని సెల్ఫ్‌కి కలిపే స్విచ్ అది. అదీ మార్చాను. మళ్లీ కొన్ని రోజులు బాగుంది, మళ్లీ టక్. చివరికి ఒక పెద్దాయన, జీవితమంతా మోటార్లతో గడిపిన మనిషి, వచ్చి మీటర్ పెట్టి ఐదు నిమిషాల్లో చూపించారు. బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఇంజిన్ బాడీకి బిగించే బోల్టు ఉంటుంది కదా, ఇదిగో ఇక్కడ, ఈ కింది మూలన. దాన్ని విప్పితే లగ్, అంటే కేబుల్ కొసనుండే లోహపు బిళ్ల, దాని కింద అంతా తెల్లటి పొడి, రాగి మీద పచ్చటి చిలుము. గీకి శుభ్రం చేసి బిగించాం. అంతే. పాత సెల్ఫ్ బాగానే ఉంది. పాత సోలెనాయిడ్ బాగానే ఉంది.

మరి మధ్యలో కొన్ని రోజులు ఎందుకు పని చేసింది? ఆలోచించండి. కొత్త సామాను బిగించేటప్పుడు నేను కేబుళ్లని అటూ ఇటూ కదిపాను. ఆ లగ్ కొంచెం కదిలి, ఎక్కడో ఒక చోట లోహానికి లోహం తగిలింది. ఆ తగలడం కొన్నాళ్లు నిలిచింది. నేనేమో సామాను మార్చడం వల్ల బాగైందనుకున్నాను. పాత మోటార్ల దగ్గర మనల్ని అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఇదే. కాబట్టి ఇవాళ నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: సామాను మార్చే ముందు, కరెంట్ ఎక్కడ తగ్గిపోతోందో కొలవండి. అది కూడా తాళం తిప్పి పట్టుకుని, సెల్ఫ్ లాగుతున్నప్పుడు కొలవండి.

కొలతలకి వెళ్లే ముందు ఒకటి స్పష్టం చేసుకోవాలి. పాత అవుట్‌బోర్డ్‌లో రెండు కరెంట్లు ఉంటాయి. సెల్ఫ్‌ని తిప్పే కరెంట్ ఒకటి, ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే కరెంట్ ఇంకొకటి. మొదటిది బ్యాటరీ నుంచి వస్తుంది. రెండోది చాలా పాత మోటార్లలో బ్యాటరీ నుంచి రాదు. ఫ్లైవీల్ లోపల అయస్కాంతాలు ఉంటాయి, ఫ్లైవీల్ తిరుగుతుంటే కింద ఉన్న కాయిళ్లలో కరెంట్ పుడుతుంది, దానితోనే ప్లగ్ వెలుగుతుంది. మాగ్నెటో అంటారు. అందుకే ఆ రోజు నేను తాడుతో లాగితే మోటార్ పలికింది. బ్యాటరీ పూర్తిగా పీకేసినా అది పలికేది. అయితే అన్నీ అలా ఉండవు. 1960ల చివర్లో, 1970ల్లో వచ్చిన కొన్ని మోడళ్లలో ఇగ్నిషన్ కూడా బ్యాటరీ మీదే నడుస్తుంది. మీ మోటార్ ఏ రకమో ఇంట్లో ఉన్నప్పుడే దాని వైరింగ్ బొమ్మ చూసి తెలుసుకోండి. నీళ్ల మీద తెలుసుకునే విషయం కాదు అది.

ఇంకో మాట, జాగ్రత్త గురించి. పొడుగ్గా చెప్పను, కానీ దయచేసి వదిలేయకండి. పెట్రోల్ వాసన వస్తుంటే ఏ వైరూ ముట్టుకోవద్దు, ముందు గాలి ఆడనివ్వండి. గేర్ న్యూట్రల్‌లో ఉండాలి. ఒడ్డు మీద పరీక్షిస్తుంటే ప్రొపెల్లర్ విప్పేయండి. సెల్ఫ్ మాత్రమే పరీక్షించాలంటే కిల్ స్విచ్, అంటే తాడు ఊడితే ఇంజిన్‌ని ఆపేసే స్విచ్, దాని తాడు తీసేసి ఉంచండి, అప్పుడు ఇంజిన్ అనుకోకుండా అందుకోదు. నీళ్ల సరఫరా లేకుండా ఇంజిన్ నడపకండి, పంపులో రబ్బరు రెక్కలు కొద్దిసేపట్లోనే పాడైపోతాయి. ఫ్లైవీల్ దగ్గర వదులు బట్టలు, వేలాడే తాళ్లు ఉండకూడదు.

ఇప్పుడు బ్యాటరీ.

బ్యాటరీ బాగుందని ఎలా చెబుతారు? "మీటర్ పెడితే పన్నెండు చూపిస్తోందండీ" అంటారు. పన్నెండు అంటే ఎంత? మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయి, కొన్ని గంటలు ఊరికే ఉన్నాక 12.6 వోల్టులు, ఆ పైన కొంచెం చూపించాలి. 12.2 అంటే సగమే ఉంది. 12.0 అంటే దాదాపు అడుగంటింది. చూడండి, నిండుకీ ఖాళీకీ మధ్య తేడా ఒక్క వోల్టు కూడా లేదు. అందుకే "పన్నెండు ఉంది" అన్న మాటకి విలువ లేదు. పాయింట్ తర్వాత అంకె చెప్పండి.

ఛార్జర్ పీకిన వెంటనే కొలిస్తే పదమూడు దాటి కనిపిస్తుంది. అది పైపై ఛార్జ్, నమ్మకండి. రాత్రంతా వదిలి పొద్దున చూడండి. మూతలు తీయగలిగే బ్యాటరీ అయితే హైడ్రోమీటర్‌తో ఒక్కో గదీ చూడండి, నిండు ఛార్జ్‌లో 1.265 దగ్గర ఉండాలి. ఐదు గదులు బాగుండి ఒక్కటి బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే, ఎంత ఛార్జ్ చేసినా లాభం లేదు.

ఇక అసలు పరీక్ష. మీటర్ ముళ్లు బ్యాటరీ స్తంభాల మీద పెట్టండి. లగ్ మీద కాదు, స్తంభం మీద, ఆ సీసపు ముక్క మీద. ఇంకొకరిని తాళం తిప్పమనండి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కన్నా కిందకి పడకూడదు. ఏడుకో ఎనిమిదికో పడిపోతే, దీన్ని తేల్చుకునే దాకా మిగతా వాటి జోలికి పోకండి. వేరే మంచి బ్యాటరీ పెట్టి చూడండి. దానితోనూ అలాగే పడిపోతే సెల్ఫే విపరీతంగా లాగుతోందన్నమాట. పదికి పైన నిలబడి, అయినా సెల్ఫ్ టక్‌మని ఊరుకుంటే? అప్పుడు బ్యాటరీ బాగానే ఉంది, కరెంట్ దారిలో ఎక్కడో ఆగిపోతోంది.

దారిలో ఆగిన కరెంట్

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. ఇవాళ నేను వచ్చిందే దీని కోసం.

ఇంట్లో కుళాయి ఉంది. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో ప్రెషర్ నిండుగా ఉంటుంది. పైపు మధ్యలో ముప్పావు వంతు మట్టి పట్టి ఉన్నా సరే, కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ ప్రెషర్ నిండుగానే కనిపిస్తుంది. కుళాయి తిప్పినప్పుడే కదా సన్నగా కారడం మొదలవుతుంది? మీటర్ పని కట్టేసిన కుళాయిని చూడటం లాంటిది. మీటర్‌కి కావలసింది ఒక్క బొట్టు. కేబుల్‌లో తీగలన్నీ తెగిపోయి ఒకే ఒక్క తీగ మిగిలినా మీటర్ 12.6 అనే చూపిస్తుంది. సెల్ఫ్‌కి కావలసింది వరద. 100, 150 ఆంపియర్లు, పెద్ద మోటార్లలో ఇంకా ఎక్కువ.

చిన్న లెక్క చూద్దాం. చిలుము పట్టిన ఒక జాయింట్‌లో 0.02 ఓమ్ నిరోధం ఉందనుకోండి. ఎంత చిన్నదో చూడండి, మామూలు మల్టీమీటర్‌కి అది అందదు, దాని వైర్లే అంతకన్నా ఎక్కువ చూపిస్తాయి. ఓమ్స్ స్కేల్ మీద మీకు "జాయింట్ బాగుంది" అనే చెబుతుంది. కానీ 150 ఆంపియర్లు దాని గుండా పోతే? 150 ఇంటూ 0.02, మూడు వోల్టులు. మూడు వోల్టులు ఆ ఒక్క బోల్టు దగ్గరే వేడిగా మారి పోయాయి. సెల్ఫ్ దాకా చేరేది ఏముంటుంది?

కాబట్టి ఓమ్స్‌తో వెతకొద్దు. వోల్టులతో, అదీ సెల్ఫ్ కొడుతున్నప్పుడు వెతకండి. ఎలాగో చెబుతాను. మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టండి. ఎర్ర ముల్లు బ్యాటరీ పాజిటివ్ స్తంభం మీద. నల్ల ముల్లు... ఎక్కడ? నెగటివ్ మీద కాదు. సెల్ఫ్ మోటార్ మీద కేబుల్ బిగించిన ఈ బోల్టు చూడండి, దీని కొస మీద. తాళం తిప్పక ముందు మీటర్ పూర్తి బ్యాటరీ వోల్టేజ్ చూపిస్తుంది, కంగారు పడకండి. సోలెనాయిడ్ తెరిచి ఉంది కాబట్టి అలా చూపిస్తుంది. ఇప్పుడు తాళం తిప్పమనండి. అంకె ఢామ్మని పడిపోవాలి, అర వోల్టు లోపలికి వచ్చేయాలి. మిగిలిన ఆ అంకె ఏమిటి? అదే దారిలో పోయిన నష్టం. ఒకటిన్నర చూపిస్తే ఒకటిన్నర వోల్టులు దారిలో పోతున్నాయి. బ్యాటరీ వోల్టేజ్ అంతా అలాగే ఉండిపోతే సోలెనాయిడ్ కలవలేదు.

అవును, అడగండి. ఆయన అడుగుతున్నారు, నష్టం ఎక్కువ ఉందని తెలిసింది, ఎక్కడుందో ఎలా తెలుస్తుందని. ముక్కలు ముక్కలుగా చూడండి. బ్యాటరీ స్తంభం నుంచి దాని మీది లగ్‌కి. లగ్ నుంచి సోలెనాయిడ్ మొదటి పెద్ద బోల్టుకి. ఆ బోల్టు నుంచి రెండో పెద్ద బోల్టుకి. అక్కడి నుంచి సెల్ఫ్‌కి. ప్రతి చోటా తాళం తిప్పించి చూడండి. ఎక్కడ అంకె లేస్తుందో అక్కడే దొంగ ఉన్నాడు. సోలెనాయిడ్ రెండు పెద్ద బోల్టుల మధ్య 0.3 దాటితే లోపల రాగి బిళ్ల కాలి గుంటలు పడిందని అర్థం, దాన్ని మార్చాల్సిందే.

ఇప్పుడు అందరూ మర్చిపోయే సగం. ఎర్త్ వైపు. కరెంట్ వెళ్లడం ఎంత ముఖ్యమో తిరిగి రావడమూ అంతే ముఖ్యం. నల్ల ముల్లు బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద, ఎర్ర ముల్లు సెల్ఫ్ మోటార్ బాడీ మీద, రంగు లేని చోట, గీకి మరీ పెట్టండి. తాళం తిప్పండి. 0.3 లోపు ఉండాలి. ఆ రోజు నా మోటార్‌లో ఆ పెద్దాయన చూపించిన అంకె 4 దాటింది. నాలుగు వోల్టులు! నేను డబ్బు పోసి కొన్న కొత్త సెల్ఫ్‌కి ఎనిమిది వోల్టులు కూడా అందలేదు. ఏ సెల్ఫ్ తిరుగుతుంది దానితో?

మీటర్ లేకపోతే? చేత్తో చూడొచ్చు. సెల్ఫ్ కొన్ని సెకన్లు కొట్టించి, వెంటనే తాళం ఆపి, ఒక్కో జాయింట్‌నీ జాగ్రత్తగా ముట్టుకోండి. వెచ్చగా తగిలినదే చెడ్డ జాయింట్. మరీ వేడెక్కి ఉండొచ్చు, వేలు నెమ్మదిగా పెట్టండి. ఇంకో మాట, ఈ పరీక్షల్లో దేనిలోనూ సెల్ఫ్‌ని ఒకేసారి పది సెకన్లకి మించి తిప్పకండి. మధ్యలో రెండు నిమిషాలు ఆగండి. సెల్ఫ్‌కి చల్లబడే ఏర్పాటు లేదు, వేడికి లోపల వైండింగ్ మాడిపోతుంది.

టక్ కూడా రాకపోతే

ఇప్పటిదాకా టక్‌మన్న మోటార్ గురించి. అసలు ఏ చప్పుడూ లేకపోతే? అప్పుడు లావు కేబుళ్లు కాదు, సన్న వైర్ల దారి చూడాలి. బ్యాటరీ, అక్కడి నుంచి ఫ్యూజ్, చాలావాటిలో 20 ఆంపియర్లది, తర్వాత ఇంజిన్‌కీ తాళానికీ మధ్య ఉండే ఈ పెద్ద ప్లగ్ కనెక్టర్, తర్వాత తాళం, గేర్‌లో ఉంటే సెల్ఫ్‌ని తిరగనివ్వని న్యూట్రల్ స్విచ్, చివరికి సోలెనాయిడ్ చిన్న టెర్మినల్. మొదటి నుంచి వెతుక్కుంటూ పోతే పొద్దుపోతుంది. చివరి నుంచి మొదలుపెట్టండి. టెస్ట్ ల్యాంప్ తీసుకుని సోలెనాయిడ్ చిన్న టెర్మినల్ మీద పెట్టి తాళం తిప్పించండి. ఇక్కడ మీటర్ కన్నా ల్యాంప్ మేలు, అది కొంచెం కరెంట్ లాగుతుంది కాబట్టి ఒక్క తీగ మీద వేలాడే వైరు దాన్ని మోసం చేయలేదు.

ల్యాంప్ వెలిగింది, సోలెనాయిడ్ పలకలేదు. అప్పుడు రెండో చిన్న టెర్మినల్ చూడండి, దానికి ఎర్త్ ఉందా? కొన్ని మోటార్లలో న్యూట్రల్ స్విచ్‌ని ఈ ఎర్త్ వైపు పెడతారు. ఎర్త్ కూడా ఉంటే సోలెనాయిడ్ పోయినట్టే. ల్యాంప్ వెలగకపోతే వెనక్కి వెళ్లండి: ఫ్యూజ్, కనెక్టర్, తాళం. ఫ్యూజ్‌ని కంటితో చూసి వదిలేయకండి. తీగ బాగానే ఉంటుంది, హోల్డర్ లోపల చిలుము పట్టి ఉంటుంది.

తాళం తిప్పి పట్టుకుని గేర్ లివర్‌ని న్యూట్రల్ దగ్గరే అటూ ఇటూ కొద్దిగా కదపండి. ఒక చోట పలికితే న్యూట్రల్ స్విచ్ గానీ గేర్ కేబుల్ సర్దుబాటు గానీ కారణం. పరీక్ష కోసం ఆ స్విచ్‌ని ఒక్క నిమిషం కలిపి చూడొచ్చు. కానీ చేతులు జోడించి అడుగుతున్నాను, దాన్ని అలాగే కలిపి వదిలేయకండి. గేర్‌లో ఉండగా మోటార్ అందుకుంటే పడవ ఒక్క ఉదుటున దూకుతుంది, నిలబడ్డ మనిషి నీళ్లలో పడతాడు, వెనక ప్రొపెల్లర్ తిరుగుతుంటుంది. ఆ స్విచ్ అక్కడ ఉన్నది దాని కోసమే.

సోలెనాయిడ్ మార్చేవాళ్లకి ఒక హెచ్చరిక. కార్లకి వాడేవి కొన్ని చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి. కొన్నిటికి ఎర్త్ లోపల బాడీ నుంచే వెళ్తుంది. కొన్నిటిలో రెండో చిన్న టెర్మినల్ నుంచి ఎదురు పన్నెండు వోల్టులు బయటికి వస్తాయి. దాన్ని మీరు ఎర్త్‌కి కలిపితే? వైరు కాలుతుంది. పైగా పడవకి చేసినవి లోపలి నిప్పురవ్వ పెట్రోల్ ఆవిరికి తగలకుండా మూసి ఉంటాయి. మోటార్‌కి చెప్పిన సోలెనాయిడే వేయండి.

కరెంట్ అంతా బాగుండి సెల్ఫ్ తిరగకపోతే ఇంజిన్ అసలు తిరుగుతుందో లేదో చూడండి. ప్లగ్గులు విప్పి ఫ్లైవీల్‌ని చేత్తో, అది మామూలుగా తిరిగే వైపే తిప్పండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరినా, పిస్టన్ పట్టేసినా, పై నుంచి చూస్తే కరెంట్ సమస్యలాగే కనిపిస్తుంది. సెల్ఫ్ గిర్రున తిరుగుతూ ఫ్లైవీల్‌ని పట్టుకోకపోతే అది బెండిక్స్, సెల్ఫ్ పైనుండే చిన్న గేర్. మెలి మీద పైకి ఎక్కాల్సింది జిడ్డు, మురికి పట్టి ఎక్కదు. శుభ్రంగా కడిగి పల్చటి నూనె ఒక్క చుక్క వేయండి. గ్రీజు మాత్రం వద్దు, అది దుమ్ముని పట్టుకుని మళ్లీ అదే గతి పట్టిస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా ఈ గేర్ పైకి లేవదు, అది గుర్తుంచుకోండి.

బాగా తిరుగుతుంది, అందుకోదు

సెల్ఫ్ చక్కగా తిప్పుతోంది, పెట్రోల్ వెళ్తోంది, మోటార్ అందుకోవడం లేదు. ఇప్పుడు రెండో కరెంట్ దగ్గరికి వచ్చాం. ప్లగ్ తీసి చేత్తో పట్టుకుని చూడటం చాలామందికి అలవాటు. మానేయండి. సీడీఐ, అంటే కెపాసిటర్‌లో కరెంట్ నిల్వ చేసి ఒక్కసారిగా వదిలే ఇగ్నిషన్ ఉన్న మోటార్‌లో, ప్యాక్ అనే దాని ఎలక్ట్రానిక్ డబ్బా నుంచి కాయిల్‌కి వెళ్లే దగ్గరే 150, 200 వోల్టులు దాటి ఉంటుంది, కాయిల్ నుంచి వచ్చేది వేల వోల్టులు. ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంటుంది, పక్కనే నిప్పురవ్వ. స్పార్క్ టెస్టర్ పెట్టి, దాన్ని ఇంజిన్‌కి క్లిప్ చేసి, దూరంగా ఉండి చూడండి. మంచి సీడీఐ ఇగ్నిషన్ సుమారు 11 మిల్లీమీటర్ల ఖాళీని దూకాలి, నీలంగా, చిటపటలాడుతూ. పసుపుపచ్చగా సన్నగా ఉంటే చాలదు. టెస్టర్‌కి తగిలించని ప్లగ్ వైర్లని ఎర్త్ చేసి ఉంచండి, గాలిలో వదిలేస్తే కాయిల్, ప్యాక్ దెబ్బతింటాయి.

ఏ సిలిండర్‌లోనూ రవ్వ లేదనుకోండి. ప్యాక్ కొనడానికి పరుగెత్తకండి! ఈ మోటార్లు ఎలా ఆగుతాయో ఒకసారి గుర్తు చేసుకోండి. తాళం ఆపితే కరెంట్ తెగదు. ఇగ్నిషన్‌ని ఎర్త్‌కి కలుపుతుంది. కిల్ స్విచ్ తాడు ఊడినా అంతే. అంటే ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినా, తాళంలో ఉప్పునీళ్లు చేరినా, మోటార్ తనని ఎవరో ఆపేశారనే అనుకుంటుంది. కాబట్టి మొదటి పరీక్ష: ఆ ఆపే వైరుని ప్యాక్ దగ్గర విడదీయండి. చాలా మోటార్లలో అది నలుపు మీద పసుపు చార ఉన్న వైరు. విడదీశాక రవ్వ వస్తే ప్యాక్ బాగుంది, తాళమో కిల్ స్విచ్చో మధ్యలో వైరో చెడింది. అలా విడదీసిన మోటార్ నడిస్తే తాళంతో ఆగదు, చోక్ మూసి ఆపాలి, ముందే సిద్ధంగా ఉండండి. ఇంకొకటి, మాగ్నెటో మోటార్‌లో ఆ వైరుకి పొరపాటున కూడా బ్యాటరీ పాజిటివ్ తగలకూడదు. ఒక్కసారి తగిలితే ప్యాక్ మాడిపోవచ్చు. తాళం మార్చేటప్పుడు కారు తాళం తెచ్చి పెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లకి జరిగేది అదే.

రెండు కరెంట్లు వేరు అన్నాను కదా, ఇక్కడ ఒక చోట కలుస్తాయి. సీడీఐ రవ్వ పుట్టాలంటే ఫ్లైవీల్ నిమిషానికి 250, 300 చుట్లు తిరగాలి. సెల్ఫ్ నీరసంగా తిప్పితే రవ్వే పుట్టదు. అప్పుడు మీరు ఇగ్నిషన్ చెడిందనుకుంటారు, చెడింది ఎర్త్ బోల్టు. అందుకే ఇందాకటి వోల్టుల పరీక్ష ముందు, రవ్వ పరీక్ష తర్వాత.

ఒక్క సిలిండర్‌లోనే లేకపోతే పక్క కాయిల్‌తో మార్చి పెట్టండి. సమస్య కాయిల్‌తో పాటు వెళ్లిందా? కాయిల్. అక్కడే ఉండిపోయిందా? ప్యాక్ గానీ, రవ్వ ఎప్పుడు రావాలో ప్యాక్‌కి చెప్పే ట్రిగ్గర్ గానీ. పాయింట్లు, అంటే రవ్వ కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు, ఉన్న ఇంకా పాత మోటార్లలో అయితే నెలల తరబడి వాడకపోతే పాయింట్ల మీద పొర పడుతుంది. శుభ్రం చేసి ఖాళీ సరిచూడండి, చాలావాటిలో 0.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మీ మోటార్ పుస్తకంలో ఉన్న అంకే పెట్టండి. ఫ్లైవీల్ కింద నుంచి గోధుమరంగు బంకలాంటిది కారుతుంటే స్టేటర్, అంటే అక్కడున్న కాయిళ్ల చట్రం, వేడికి కరిగిపోతోంది, దాని రోజులు దగ్గరపడ్డాయి. స్టేటర్ పుట్టించే వోల్టేజ్ కొలవాలంటే మామూలు మీటర్ చాలదు, పీక్ వోల్టేజ్ పట్టే అడాప్టర్ కావాలి.

బాగు చేసేటప్పుడు తాత్కాలికంగా చేయకండి. లగ్‌కీ దాని కింది లోహానికీ రెండు ముఖాలూ మెరిసేలా గీకండి, బిగించండి, బిగించిన తర్వాతే పైన గ్రీజు పూయండి. వైరు కోసి చూస్తే రాగి నల్లగా ఉందా? ఇంకా వెనక్కి కోయండి, మెరిసే రాగి వచ్చేదాకా. తగరం పూత ఉన్న వైరు వాడండి, జిగురు ఉన్న హీట్ ష్రింక్ వేయండి. బ్యాటరీ మీద చేత్తో తిప్పే రెక్కల నట్లు తీసేసి స్పానర్‌తో బిగించే లాక్ నట్లు పెట్టండి, మోటార్ అదురుకి ఆ రెక్కల నట్లు వదులవుతాయి. ఇంజిన్ నడుస్తుండగా అవి వదులై బ్యాటరీ తెగితే, ఇంజిన్ కరెంట్‌ని బ్యాటరీ ఛార్జ్‌కి పనికొచ్చేలా మార్చే రెక్టిఫైయర్ కాలిపోతుంది. బ్యాటరీ వైర్లు తారుమారు చేసినా ఒక్క క్షణంలో అదే పోతుంది.

చివరగా, మీలో ఒకావిడ అడిగారు, నీళ్ల మీద ఉండగా ఇదంతా జరిగితే ఏం చేయాలని. ముందు లంగరు వేయండి. లంగరు పట్టిందని తెలిశాకే కవర్ తీయండి. నేను ఆ రోజు చేసిన తప్పు అదే, మోటార్ పలకక ముందే లంగరు పైకి లాగాను. ఇప్పుడు మోటార్ పలికాకే లంగరు తీస్తాను. తర్వాత బ్యాటరీ లగ్‌లని చేత్తో మెలితిప్పి చూడండి, కదిలితే బిగించండి. గేర్ లివర్ కదపండి, కిల్ స్విచ్ తాడు చూడండి. ఇవి రెండు నిమిషాల పని. అప్పటికీ కాకపోతే తాడు. కొసన ముడి వేసి ఫ్లైవీల్ గాడిలో పెట్టి, ఒకటిన్నర చుట్టు చుట్టి లాగాలి. రెండో కొసకి చిన్న కర్ర కట్టుకోండి, తాడుని చేతికి మాత్రం చుట్టుకోకండి, ఇంజిన్ వెనక్కి తన్నితే చెయ్యి పోతుంది. మీ వెనక ఎవరూ ఉండకూడదు. పలికాక ఫ్లైవీల్ బయటే తిరుగుతుంటుంది, కవర్ మళ్లీ పెట్టడానికి ప్రయత్నించకండి, పిల్లల్ని ముందు వైపు కూర్చోబెట్టి నెమ్మదిగా ఒడ్డుకి రండి.

సరే, మాటలు చాలు. ఈ మోటార్‌లో నేనే ఒక జాయింట్ వదులు చేసి, మధ్యలో చిలుము పట్టిన లగ్ పెట్టి ఉంచాను. ఎక్కడో చెప్పను. మీటర్ ఇదిగో. తాళం దగ్గర ఒకరు నిలబడండి, ముళ్లు పట్టుకోవడానికి ఇద్దరు రండి. గేర్ న్యూట్రల్‌లో ఉంది, ప్రొపెల్లర్ లేదు, కిల్ స్విచ్ తాడు నా చేతిలో ఉంది. నల్ల ముల్లు నెగటివ్ స్తంభం మీద పెట్టమ్మా. స్తంభం మీద, లగ్ మీద కాదు. ఆ, అలాగ. ఎర్త్ వైపు నుంచే మొదలుపెడదాం.